యునాన్ టీ కొండల్లో మ్యాపుల వేట

బట్టలు ఇంకా ఉతకలేదు, బ్యాగ్‌లోంచి టీ కేకులు (బిళ్ళలుగా అదిమిన టీ ఆకు) మాత్రం తీసి అలమారాలో పెట్టా. ఇప్పుడే రాసేయకపోతే ఊళ్ళ పేర్లన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. చైనాలో టీ పండే ప్రాంతం అంటే కింద హైనాన్ దీవి నుంచి పైన షాన్‌డాంగ్ దాకా ఉంది, ఏటా 30 లక్షల టన్నుల పైనే పండిస్తారు, అదంతా ఒక సెలవులో చూసేది కాదు. అందుకే దక్షిణ యునాన్ ఒక్కటే పెట్టుకున్నాం, పుఅర్ టీ వచ్చే కొండలు. నేను హైదరాబాద్‌లో జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల) పని చేస్తా, పొద్దున లేస్తే మ్యాపులే. అలాంటిది ఒక టీ కేక్ రేపర్ మీదున్న ఊరిని వెతికితే ఒక్కో మ్యాప్ ఒక్కో చోట చూపించింది, ఇంకోటి అసలు ఊరే లేదంది. సరే పోయి చూద్దాం అనుకున్నా.

తోడు మా బావమరిది. దాలిలో ఎంబీబీఎస్ చదివొచ్చాడు, మన తెలుగు పిల్లలు బ్యాచ్‌లు బ్యాచ్‌లుగా చైనాకి మెడిసిన్‌కి వెళ్ళారు కదా, అందులో ఒకడు. వాడి చైనీస్ అంతా యునాన్ యాసేనని అక్కడివాళ్ళే నవ్వారు, మాకు అదే కలిసొచ్చింది. టీ మీద మాత్రం వాడికి ఏ భక్తీ లేదు, తిండి కోసం వచ్చాడు.

మార్చి 14, కున్మింగ్

పొద్దున్నే రోడ్డు పక్కన ఎర్‌క్వాయ్ తిన్నాం. బియ్యం ఉడికించి, దంచి, పల్చగా వత్తి బొగ్గుల మీద కాలుస్తారు, లోపల కారం ముద్దో తీపి ముద్దో రాసి, నూనెలో వేయించిన పిండి కడ్డీ పెట్టి మడిచి చేతిలో పెడతారు. 8 యువాన్లు, యువాన్ అంటే మన పన్నెండు పదమూడు రూపాయలు. బండి ఆవిడ తీపా కారమా అనడిగితే మావాడు రెండూ అన్నాడు, ఆవిడ ఒక్క మాట మాట్లాడకుండా రెండూ రాసిచ్చింది, బాగానే ఉంది.

తర్వాత షిన్‌హువా పుస్తకాల షాపుకి. మ్యాపుల విభాగం పెద్దదే. యునాన్ రాష్ట్రం అట్లాస్, జిల్లాల వారీగా మడత మ్యాపులు, ప్రతిదాని మీదా ఒక మూలన చిన్న అక్షరాల్లో ప్రభుత్వ అనుమతి నంబరు, అది లేకుండా అక్కడ మ్యాప్ అచ్చేసి అమ్మకూడదు. రోడ్లు, కౌంటీ హద్దులు, నదులు, గుళ్ళు అన్నీ ఉన్నాయి, టీ లేదు. అందులో తప్పేం లేదు, ఏ పంట ఎక్కడ పండుతుందో చెప్పడం ఆ మ్యాప్ పని కాదు కదా. అక్కడున్న అమ్మాయి మా బాధ విని వ్యవసాయం పుస్తకాల వైపు తీసుకెళ్ళింది. రెండు టీ పుస్తకాలు తెరిచి చూశా. రెండిట్లోనూ దేశాన్ని నాలుగు టీ మండలాలు చేశారు: యాంగ్‌ట్సీ నదికి దక్షిణం, ఉత్తరం, నైరుతి, దక్షిణ చైనా. ఇంతవరకు ఒకటే. కానీ ఒకదాంట్లో యునాన్ మొత్తానికీ నైరుతి రంగు వేశారు, రెండోదాంట్లో రాష్ట్రాన్ని అడ్డంగా కోసి కింది ముక్కని దక్షిణ చైనాలో కలిపారు. మేం వెళ్ళబోయే షీషువాంగ్‌బన్నా జిల్లా (పొట్టిగా బన్నా) ఆ కింది ముక్కలోనే ఉంది. రెండోదే నాకు నచ్చింది, వేడి, వాన, ఆకు సైజు చూస్తే బన్నాకి ఉత్తరాన ఉన్న సిచువాన్ కంటే పక్కనున్న ఉష్ణమండలంతోనే పోలిక ఎక్కువ. మొదటిది రాష్ట్రం హద్దు చూసి రంగేసింది.

మధ్యాహ్నం టీ మార్కెట్. వరసగా వందల షాపులు, ఏ షాపులో అడుగుపెట్టినా కూర్చోబెట్టి పోస్తారు, డబ్బులడగరు. మొదటి నీళ్ళు ఆకు కడగడానికని పారబోస్తారు, తర్వాత చిన్న కప్పులో ముప్పావు వంతు మించకుండా పోస్తారు, నిండా పోస్తే అవమానించినట్టట. కప్పు ఖాళీ చేస్తే మళ్ళీ పోస్తూనే ఉంటారు, చాలు అనాలంటే కప్పులో పోసింది తాగకుండా అలాగే వదిలేయాలి, ఈ సంగతి మావాడు నాకు ఏడో కప్పు తర్వాత చెప్పాడు.

నేను వెతికే మ్యాపులు ఇక్కడ గోడల మీద ఉన్నాయి. పుఅర్ కొండల పోస్టర్లు, ఎత్తులు, ఊళ్ళు, రుచులు అన్నీ రాసి. 20 నుంచి 50 యువాన్లు, టీ కొంటే ఉచితం. ఒక దాని పక్కన ఒకటి పెట్టి చూస్తే నవ్వొచ్చింది. యీవూ, బాన్‌జాంగ్ రెండూ బన్నాలో టీకి పేరున్న చోట్లు. యీవూ టీ అమ్మేవాడి పోస్టర్‌లో యీవూ అరచేయంత, మిగతా బన్నా బొటనవేలంత. బాన్‌జాంగ్ అమ్మేవాడి దగ్గర ఇదే తిరగబడి. స్కేల్ లేదు, చాలావాటికి ఆ అనుమతి నంబరూ లేదు. ఒక ముసలాయన షాపులో మాత్రం ప్రభుత్వం 2008లో పెట్టిన పుఅర్ జాతీయ ప్రమాణం తాలూకు కాగితాలు ఫ్రేమ్ కట్టి ఉన్నాయి. పుఅర్ అని పేరు పెట్టాలంటే ఆకు ఎక్కణ్ణుంచి రావాలో అందులో ఉంటుంది, మన అరకు కాఫీకి ఉన్న జీఐ (ఫలానా చోట పండిందే అనే గుర్తింపు) లాంటి వ్యవహారమే. 11 జిల్లాలు, 75 కౌంటీలు, 639 టౌన్‌షిప్‌లు. కున్మింగ్ కూడా అందులో ఉంది! అంటే ఒక మ్యాప్ ప్రకారం నేను అప్పటికే పుఅర్ ప్రాంతంలో కూర్చునున్నా, గోడ మీద పోస్టర్ల ప్రకారం ఇంకో అయిదారు వందల కిలోమీటర్లు పోవాలి.

మార్చి 15, జింగ్‌హోంగ్

2021 డిసెంబర్‌లో చైనా-లావోస్ రైలు వచ్చాక ఇక్కడికి రావడం తేలికైపోయింది, దాంతో ఊరు కూడా టూరిస్టులతో కిక్కిరిసింది. లాన్‌ట్సాంగ్ నది ఊరి మధ్యలోంచి పోతుంది, ఇదే కిందికెళ్ళి మెకాంగ్ అవుతుంది. టీ వాళ్ళ భూగోళంలో ఈ నదే అసలు గీత. నదికి తూర్పున పాత పేరున్న ఆరు టీ కొండలు, యోలె, గెదెంగ్, యీబాంగ్, మాంగ్‌జీ, మాన్‌జువాన్, మాన్‌సా. పడమట మెంగ్‌హై వైపు కొండలు, నాన్‌నువో, బులాంగ్ లాంటివి. చింగ్ రాజుల కాలంలో పేరంతా తూర్పుదే, ఇప్పుడు ఎక్కువ రేటు పడమటి ఊళ్ళలో కొన్నిటికి.

రాత్రి దై జాతి వాళ్ళ హోటల్లో భోజనం. నిమ్మగడ్డితో కట్టి కాల్చిన చేప, అనాసపండులో ఉడికించిన బంక బియ్యం, ఏట్లో పెరిగే నాచుని ఎండబెట్టి వేయించింది, వెదురు చిగుళ్ళు పులియబెట్టి వండింది. వీటన్నిటికీ మధ్యలో నాన్‌మీ అని ఒక గిన్నె పెట్టారు. కాల్చిన టమాటా, పచ్చిమిర్చి, వెల్లుల్లి, కొత్తిమీర వేసి రోట్లో దంచింది. మా అత్తగారు చేసే రోటి పచ్చడికి దీనికి తాలింపు ఒక్కటే తేడా. మావాడు బంక బియ్యంలో అది కలుపుకుని ముద్దలు చేసి తింటుంటే పక్క టేబుల్ దై పెద్దాయన లేచొచ్చి చూసి, ఇలాగే తినాలి అని తన గ్లాసులో మందు వాడికి పోశాడు. ఇద్దరికీ కలిపి 146 యువాన్లు.

మార్చి 16, యోలె మీదుగా యీవూ

కారు మాట్లాడుకున్నాం, డ్రైవర్‌తో కలిపి రోజుకి 600. ఆయన హానీ జాతి మనిషి, నలభై దాటుంటాయి, షీఫూ (మేస్త్రీ అన్నట్టు) అని పిలిస్తే పలుకుతాడు, పాటలు పెద్దగా పెడతాడు.

జింగ్‌హోంగ్ దాదాపు 550 మీటర్ల ఎత్తు. అక్కణ్ణుంచి రోడ్డు ఎక్కుతుంటే రెండు పక్కలా రబ్బరు చెట్లే, కిలోమీటర్ల కొద్దీ, మధ్యలో అరటి. ఎక్కుతూ ఎక్కుతూ ఒకచోట రబ్బరు ఆగిపోయి టీ మొదలవుతుంది. రబ్బరుకి చలి పడదు కాబట్టి దాదాపు 900, 1,000 మీటర్ల దగ్గర దాని పని అయిపోతుంది. నేను ఇంటి దగ్గర్నుంచి కాంటూర్ మ్యాప్ (ఎత్తుల గీతలు గీసింది) ఒకటి ప్రింట్ తీసి తెచ్చుకున్నా, 2000లో స్పేస్ షటిల్ తీసిన ఎత్తుల డేటా ఉచితంగా దొరుకుతుంది కదా దాంతో చేసింది, అందులో వెయ్యి మీటర్ల గీత ఎర్రగా వేసుకున్నా. కిటికీలోంచి చూస్తుంటే ఆ ఎర్ర గీత కొండ మీద నిజంగా కనిపిస్తోంది, కింద ముదురాకుపచ్చ వరసలు, పైన టీ. షాపుల్లో కొన్న పోస్టర్లు అప్పుడే డిక్కీలో పడేశా.

యోలె ఇప్పుడు జీనో వాళ్ళ కొండ. 1979లో చైనా ప్రభుత్వం చివరగా, 56వ జాతిగా గుర్తించింది వీళ్ళనే. రోడ్డు పక్క ఒకావిడ పచ్చి టీ చిగుళ్ళు చేత్తో నలిపి, ఉప్పు, మిరప, వెల్లుల్లి, చల్లటి నీళ్ళు కలిపి గిన్నెలో పెట్టిచ్చింది. తాగేది కాదు, తినేది. ముందు వగరు, చేదు, తర్వాత గొంతులో తియ్యగా. 15 యువాన్లు. డ్రైవర్ షీఫూ రెండు గిన్నెలు లాగించి, ఈ ఆరు కొండలకీ పేర్లు జుగె లియాంగ్ వల్లే వచ్చాయని కథ చెప్పాడు. మూడు రాజ్యాల కాలం నాటి ఆ మంత్రి సైన్యంతో వచ్చి ఒక్కో కొండ మీద ఒక్కో వస్తువు వదిలేశాడట, ఇక్కడ రాగి గంట, ఇంకోచోట రాగి బాన, ఇనప ఇటుక, గుడ్డ సంచీ, ఇలా. ఆయన అసలు ఇంత దక్షిణానికి వచ్చాడా అని నేనడిగితే షీఫూ పాట సౌండ్ పెంచాడు.

ఆరు కొండల్లో యోలె ఒక్కటే జింగ్‌హోంగ్ కిందికి వస్తుంది, మిగతా అయిదూ మెంగ్‌లా కౌంటీలో. అందుకే పుస్తకాల షాపులో కొన్న కౌంటీ మ్యాప్‌తో ఆరింటినీ ఒకేసారి చూడలేం, ఆరో దాని కోసం ఇంకో మ్యాప్ కొనాలి. మాన్‌సాని ఇప్పుడెవరూ ఆ పేరుతో పిలవరు, అందరికీ యీవూనే.

యీవూ పాత వీధి పొడుగ్గా లేదు. రాళ్ళు పరిచిన దారి, కంచరగాడిదల అడుగులకి నున్నగా అరిగిన మెట్లు, మట్టి గోడల పాత టీ వ్యాపారుల ఇళ్ళు. 1994లో తైవాన్ నుంచి కొందరు టీ పిచ్చోళ్ళు ఈ ఊరు వెతుక్కుంటూ వచ్చే నాటికి ఇక్కడ పాత పద్ధతిలో కేకులు చేసేవాళ్ళు దాదాపు లేరు, వాళ్ళు అడిగితేనే ముసలివాళ్ళు గుర్తుచేసుకుని మళ్ళీ మొదలెట్టారు. ఇప్పుడు ప్రతి గడప దగ్గరా వెదురు చాటల్లో ఆకు ఎండుతోంది. మేం దిగిన ఇంట్లో రాత్రి పదకొండింటికి కూడా పెనం కింద కట్టెలు మండుతున్నాయి. పొద్దున కోసిన ఆకు ఆ రాత్రే వేపాలి, ఆగదు. ఇంటాయన రెండు చేతులకీ గుడ్డ తొడుగులు వేసుకుని పెద్ద ఇనప బాణలిలో ఆకుని ఎగరేస్తూ, ఇరవై నిమిషాలకోసారి ఒక వాయి దింపుతున్నాడు. మాతో మాట్లాడాడు కానీ తల మాత్రం ఎత్తలేదు.

వాయికీ వాయికీ మధ్య ఆయనకి నా దగ్గరున్న పాత సోవియట్ సైన్యం మ్యాప్ ప్రింట్ చూపించా. వాళ్ళు ప్రపంచమంతా వేశారు కదా, 2 లక్షలకి ఒకటి స్కేల్, ఊళ్ళ పేర్లన్నీ రష్యన్ లిపిలో. ఆయనకి ఒక్క అక్షరం రాదు, నాకూ అంతంతమాత్రమే. కానీ వాగులు చూసి పోల్చుకున్నాడు. ఈ వంపు దగ్గర మా అమ్మ పుట్టిల్లు ఉండాలి అని వేలు పెట్టాడు, అక్కడ నిజంగానే చిన్న నల్ల చుక్కలున్నాయి. ఆ ఊరు ఇప్పుడక్కడ లేదు, రోడ్డు పడ్డాక అందరూ కిందికి దిగిపోయారట, తోటలు మాత్రం పైనే ఉన్నాయి. ఇప్పటి యాప్‌లో ఊరు కొత్త చోట ఉంది, టీ మాత్రం పాత ఊరి పేరుతో అమ్ముతారు. నేను హైదరాబాద్‌లో కూర్చుని వెతికినప్పుడు పేర్లు ఎందుకు పొసగలేదో సగం ఇక్కడే తేలింది.

మార్చి 17, షియాంగ్‌మింగ్ కొండలు

గెదెంగ్, మాంగ్‌జీ, మాన్‌జువాన్, యీబాంగ్ నాలుగూ షియాంగ్‌మింగ్ అనే ఒక్క టౌన్‌షిప్‌లోనే ఉన్నాయి. మ్యాప్ మీద నాలుగు వేళ్ళ మేర, కారులో రోజంతా. ఎక్కడం, లోయలోకి దిగడం, మళ్ళీ ఎక్కడం.

ఇక్కడే దారి తప్పాం. షీఫూ ఫోన్‌లో గావ్‌డ అనే చైనా మ్యాప్ యాప్ పెట్టుకుని లావోజాయ్ అని కొట్టాడు. లావోజాయ్ అంటే పాత ఊరు, ప్రతి కొండ మీదా ఒకటుంటుంది, కొత్త ఊరూ ఒకటుంటుంది. గంటన్నర దుమ్ములో పోయాక వచ్చింది వేరే లావోజాయ్. నా ఫోన్‌లో ఆఫ్‌లైన్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (జనం కలిసి వేసే ఉచిత మ్యాప్) ఉంది, అది చూస్తే మేం రోడ్డు మీదే ఉన్నాం, షీఫూ యాప్‌లోంచి కాపీ కొట్టుకున్న పాయింట్ దాంట్లో పెడితే వాగుకి అవతల గాల్లో తేలుతోంది. ఇది ముందే తెలిసిన సంగతే. చైనాలో చట్ట ప్రకారం జనానికిచ్చే మ్యాపులన్నీ జీసీజే-02 అనే కోఆర్డినేట్లలో ఉంటాయి, మామూలు జీపీఎస్‌కి దానికీ కొన్ని వందల మీటర్ల తేడా, ఆ తేడా చోటు చోటుకీ మారుతుంది. బైదూ అనే ఇంకో చైనా మ్యాప్ యాప్ వాళ్ళు దాని మీద ఇంకో జరుపు జరిపి బీడీ-09 అన్నారు. ఊళ్ళో అయితే వీధి మారుతుంది అంతే, కొండల్లో రెండు వందల మీటర్లు జరిగితే లోయకి అవతలి కొండ ఎక్కుతావు, ఎక్కాక ఇవతలికి రావడానికి నలభై నిమిషాలు. అక్కడ తిరిగేటప్పుడు చైనా యాప్‌లోని పాయింట్ చైనా యాప్‌లోనే చూడాలి, బయటి మ్యాప్‌లో పాయింట్ బయటి మ్యాప్‌లోనే. రెండూ కలపకూడదు, కలపాలంటే మార్చే టూల్స్ ఉన్నాయి, వాడాలి.

ఇంకో మాట, చేతిలో పట్టుకునే జీపీఎస్ నేను కావాలనే ఇంట్లో పెట్టి వెళ్ళా, ఫోన్‌లో ట్రాక్ రికార్డింగ్ కూడా ఆపేశా. విదేశీయులు అనుమతి లేకుండా సర్వే కొలతలు తీయడం అక్కడ చట్టవిరుద్ధం, 2017లో సవరించిన చట్టంలో కూడా అలాగే ఉంది, పైగా ఇది సరిహద్దు ప్రాంతం, దారిలో చెక్‌పోస్టుల్లో పాస్‌పోర్టులు చూస్తున్నారు. మన దగ్గరా 2021 ఫిబ్రవరిలో రూల్స్ సడలించేదాకా మ్యాపుల అనుమతుల తంతు నేను పడ్డవాణ్ణే, అందుకే పెద్ద వింతగా అనిపించలేదు.

ఆ తప్పు లావోజాయ్‌లో ఒక ముసలమ్మ గుమ్మంలో కూర్చుని ఎండిన ఆకులోంచి పసుప్పచ్చ ముదురాకులు ఏరుతోంది. మావాడు "అవ్వా" అన్నట్టుగా చైనీస్‌లో నైనాయ్ అని పిలిచి కూలబడ్డాడు, ఇద్దరూ గంట సేపు ఏరారు. ఏరేసిన ఆ ముదురాకుని హువాంగ్‌పియెన్ అంటారు, కేకులో కనబడితే అందం చెడుతుందని తీసేస్తారు, ఇంట్లో వాళ్ళు తాగేది అదే. మాకు పెద్ద కెటిల్‌లో మరగబెట్టి గ్లాసుల్లో పోసింది. ఆ కొండల్లో నేను తాగినవాటిల్లో నాకు నచ్చింది ఇదే, మెత్తగా, కొంచెం తియ్యగా, ఎంత మరిగినా చేదెక్కదు. అదే చెట్ల చిగురు రేటు అడిగితే వేలల్లో చెప్పారు, ఇది కిలో 120 యువాన్లు. రెండు కిలోలు కట్టించుకున్నా. భోజనం కూడా పెట్టారు, గుడ్డు, ఆకుకూర, ఎండబెట్టిన పంది మాంసం. మేం డబ్బులివ్వబోతే కోడలు వద్దంది, మావాడు వాళ్ళ తాతగారి బీపీ చూసి మందులు ఎలా వేసుకోవాలో చెప్పొచ్చాడు, సరికి సరి.

సాయంత్రానికి యీబాంగ్ చేరాం. ఒకప్పుడు ఈ కొండలన్నిటికీ పెద్ద బజారు ఇదేనంటే నమ్మబుద్ధి కాదు, ఒక్క వీధి, కొన్ని పాత రాతి దిమ్మెలు. ఇక్కడి ఆకు చిన్నది, పిల్లి చెవి అని పిలిచే రకం మరీ చిన్నది. చుట్టుపక్కల కొండలన్నీ పెద్దాకు, ఇక్కడ చిన్నాకు, ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్పారు. ఏ మ్యాప్‌లోనూ ఈ తేడా లేదు, ఆకు సైజుని బట్టి రంగులేసిన మ్యాప్ ఎవరైనా వేస్తే నేను మొదట కొంటా.

మార్చి 19, మెంగ్‌హై, లావో బాన్‌జాంగ్

నది దాటి పడమటికి. మెంగ్‌హై టౌన్ దాదాపు 1,200 మీటర్లు, జింగ్‌హోంగ్ ఉక్క నుంచి వచ్చేసరికి హాయిగా ఉంది. ఊరంతా ఒక తడి మట్టి వాసన, పుఅర్‌ని కుప్ప పోసి నీళ్ళు చల్లి పులియబెట్టే ఫ్యాక్టరీలది. ఈ పద్ధతి 1970ల్లో వచ్చింది, ఏళ్ళ తరబడి నిలవ ఉంచితే వచ్చే రంగుని వారాల్లో తెప్పించడానికి. ఆ నల్లటి టీలో మావాడు దుకాణంలో కొన్న పాల ప్యాకెట్ పోసుకున్నాడు. హోటలమ్మాయి ఆపలేదు కానీ వంటవాణ్ణి పిలిచి చూపించింది.

లావో బాన్‌జాంగ్ గురించి క్లుప్తంగా. 1,700 మీటర్ల పైన, హానీ ఊరు, ఊరి ముందు పెద్ద కమాను, సీజన్‌లో బయటి ఆకు లోపలికి రాకుండా బండ్లు ఆపి చూస్తారు. లోపల మూడు నాలుగంతస్తుల ఇళ్ళు, మెరిసే కార్లు, ఊళ్ళోనే బ్యాంకు బ్రాంచి. పాతికేళ్ళ కింద ఈ ఊరి ఆకు కిలో కొన్ని యువాన్లకి పోయేదని షీఫూ అన్నాడు. నాకు ఊరు నచ్చలేదు, ఎవరి తప్పూ లేదు, టీ కొనేవాళ్ళు, ఫోన్‌లో లైవ్ పెట్టి అమ్మేవాళ్ళు తప్ప ఖాళీగా ఉన్న మనిషి కనబడలేదు. కమాను దగ్గర గీత గీసినట్టు ఊరి హద్దుంది, గీతకి ఇటు చెట్టుకి ఒక రేటు, అటు చెట్టుకి ఇంకో రేటు, మట్టి మాత్రం రెండు పక్కలా ఒకటే ఎర్రమట్టి. పక్కనే లావో మాన్‌అ అని బులాంగ్ జాతి వాళ్ళ ఊరుంది, చేదుకి పేరు. అక్కడ తాగితే నాలుక సాయంత్రం దాకా గుర్తుంచుకుంది, నాకు అదే బాగుంది.

మార్చి 20, 21, జింగ్‌మై

ఇది 2023 సెప్టెంబర్‌లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. దానివల్ల నాకు జరిగిన మేలు ఏంటంటే ఆ దరఖాస్తు ఫైల్‌తో పాటు మ్యాపులు ఇంటర్నెట్‌లో పెట్టారు, ఉచితం. టీ కొండలకి సంబంధించి నేను చూసినవాటిల్లో ఇంత మంచి మ్యాపులు ఇంకెక్కడా లేవు. 5 పాత టీ అడవులు, 9 ఊళ్ళు, వాటి మధ్య అడ్డుగా వదిలేసిన 3 అడవి పట్టీలు, అన్నీ కాంటూర్ల మీద. ఏ4లో ప్రింట్ తీస్తే అక్షరాలు కనబడవు, ఏ3 తీయాలి.

మ్యాప్‌లో టీ అడవి అని రాసుంటే ఏదో అలంకారానికి అనుకున్నా. నిజంగా అడవే. పైన పెద్ద చెట్ల నీడ, కింద నాచు పట్టిన టీ చెట్లు, మనిషి కంటే ఎత్తు, వరసలు లేవు, కంచె లేదు. మేం వెంగ్‌జీలో బులాంగ్ వాళ్ళింట్లో దిగాం, గది 180, భోజనం మనిషికి 40. పైకెక్కే ముందు చెప్పులు కిందే వదలాలి. ఇళ్ళ కప్పు కొసన చెక్కతో చేసిన గుర్తుంటుంది, బులాంగ్ ఇంటి మీద ఒక మొగ్గ, రెండాకులు, దై ఇంటి మీద ఎద్దు కొమ్ములు. నువోగాంగ్ దై ఊరు, వెంగ్‌జీ బులాంగ్ ఊరు, తల పైకెత్తితే ఎవరి ఊళ్ళో ఉన్నావో తెలిసిపోతుంది.

ఇంటావిడకి యాభై ఉంటాయి, మేం దాజియే అని పిలిచాం, అక్కా అన్నట్టు. పొద్దున కోతకి పోతూ మమ్మల్నీ రమ్మంది. నేను యునెస్కో మ్యాప్ పరిచి మీ తోట ఎక్కడ అనడిగా. చూసి, ఊరిని గుర్తుపట్టి, పెదవి విరిచింది. ఆవిడ చెట్లు ఒకచోట లేవు. అత్తవైపు నుంచి వచ్చినవి ఒకచోట, భర్త పంచుకున్నవి ఇంకోచోట, మధ్యలో మరిది చెట్లు, ఆ పైన ఇంకెవరివో. ఒక్కో తోటలో మొదట నాటిన చెట్టు ఒకటుంటుంది, ఆత్మ చెట్టు అంటారు, పక్కన చెక్క గుంజ పాతి ఉంటుంది, కోత మొదలెట్టే ముందు దానికి దండం పెడతారు. ఆ చెట్టుని బట్టే అది ఎవరి తోటో చెబుతారు. అక్కణ్ణుంచి ఆ బండ దాకా, ఆ వంగిన చెట్టు దాకా మాది, దాని కింద కొమ్మలు మాత్రం చిన్నాయనవి అని చూపిస్తూ, ఒక్కసారి కూడా పక్కవాళ్ళ చెట్టు మీద చెయ్యి వెయ్యకుండా నడుస్తూ కోసింది. నేను ఊరికే ఉండలేక, ఇదంతా కాగితం మీద వేసుకోరా అనడిగా. "పిల్లలకి చూపిస్తాం కదా, నడిపించి" అంది. మరి పట్నం పోయిన పిల్లల సంగతి? పెద్ద కొడుకు కున్మింగ్‌లో ఉన్నాడట, ప్రతి మార్చిలో రావాల్సిందేనట, ఈసారి వచ్చి ముందు రోజే తిరిగెళ్ళాడు.

మధ్యాహ్నం పుల్లటి టీ పెట్టింది, ఆకు ఉడికించి వెదురు బొంగులో కుక్కి మట్టిలో నెలల తరబడి పూడ్చి పులియబెట్టింది. నమలాలి. నాకు రెండు ముక్కలు చాలయ్యాయి. మావాడు అన్నంలో నంజుకుని, మాగాయ ఉంటే దీన్ని మర్చిపోవచ్చు అన్నాడు తెలుగులో, ఏమన్నాడని ఆవిడ అడిగితే చాలా బాగుందన్నాడని చెప్పా.

మార్చి 22, పుఅర్, నింగ్‌ఎర్

ఈ పేరు గొడవ ఒకటి చెప్పాలి. ఇప్పుడు మ్యాప్‌లో పుఅర్ అని పెద్దక్షరాల్లో ఉన్న ఊరు 2007 దాకా సిమావో. టీకి పేరిచ్చిన అసలు పాత పుఅర్ ఊరు దానికి ఉత్తరాన నలభై కిలోమీటర్ల దూరంలో ఉంది, అదే ఏడాది దాన్ని నింగ్‌ఎర్ చేశారు. కాబట్టి పాత మ్యాప్ పట్టుకుని పుఅర్‌కి పోతే నింగ్‌ఎర్ చేరతావు, కొత్త మ్యాప్ పట్టుకుని పోతే సిమావో చేరతావు. రైలుకి రెండు చోట్లా స్టేషన్లున్నాయి. అసలు పాత పుఅర్ కూడా ముఖ్యంగా సంత ఊరు, కొండల్లోంచి కంచరగాడిదల మీద ఆకు ఇక్కడికొచ్చి, పన్ను కట్టి, టిబెట్ వైపూ బీజింగ్ వైపూ పోయేది, ఈ సంత ఊరి పేరే సరుకుకి అంటుకుంది.

పుఅర్ నుంచి నింగ్‌ఎర్‌కి టాక్సీలో 120 యువాన్లు. డ్రైవర్ కుర్రాడు మేం ఎందుకెళ్తున్నామో అడగకుండానే, పాత ఊరు కోసమా అన్నాడు, ఇక్కడ దిగి అక్కడికి పోయే బేరాలు బాగానే తగులుతాయట. నింగ్‌ఎర్‌లో టీ-గుర్రాల దారి సున్నా కిలోమీటర్ అని ఒక రాయి పెట్టారు, ఫోటోలు తీసుకునేవాళ్ళు నలుగురు. స్టేషనరీ షాపులో కౌంటీ మ్యాప్ 12 యువాన్లు, అనుమతి నంబరు ఉంది, టీ లేదు. పక్క సందులో చిన్న గిన్నెలో ఉడికించి ఇచ్చే బియ్యం నూడుల్స్ కూడా 12. మావాడు రెండో గిన్నె చెప్పాడు, నేను మ్యాప్ రెండోది కొన్నా, ఒకటి ఆఫీసులో గోడకి.